గడ్డి కుక్కిన గంట

మొన్న ఆదివారం మా మనవరాలు సాగర్ డ్యాము అవతలి అడవిలో గుట్ట ఎక్కుతున్నానని ఫోటో పంపింది. మిర్యాలగూడ బ్యాంకులో ఉద్యోగం, సెలవు రోజున ఈ సరదా. టికెట్ కొన్నారట, ముందొక గైడు, వెనకొక గైడు, నెత్తిన టోపీ. నవ్వుకుందామని కళ్ళజోడు పెట్టుకున్నాను గానీ, ఫోటోలో దాని వెనకున్న నల్ల బండను చూడగానే లేచి పెట్టెలోంచి పాత గంట బయటికి తీశాను.

మాది తిరుమలగిరి పక్క ఊరు, గొర్రెలు కాసుకునే ఇల్లు. ఎండాకాలం మా మెట్టన గడ్డిపోచ మిగలదు కనుక, మందను తోలుకుని కృష్ణ దాటి ఆ అడవికి పోవడం మావాళ్ళకు అలవాటు. పెళ్ళయిన ఏడు నన్నూ వంటకని వెంటబెట్టుకుపోయారు. అప్పటికే అది పులుల కోసం కాపాడే అడవి, మేపితే అడవి గార్డులు మందను పట్టుకుపోతారు. అందుకని మా మామగారు, మహా తెలివిగలవారు మరి, ముందు నడిచే పొట్టేలు మెడలోని గంటలో గడ్డి కుక్కారు. గార్డులకు వినపడదు సరే, మాకెలా వినపడుతుందని ఎవరూ అనుకోలేదు.

సాయంత్రానికి ఆ పొట్టేలు చప్పుడు లేకుండా గుట్టెక్కింది, మందంతా దాని వెనకే. మా ఆయన వెతుక్కుంటూ పైకి పోయారు. కాసేపటికి పొట్టేలూ గొర్రెలూ వాటంతటవే దిగివచ్చాయి గానీ, ఆయన రాలేదు. పొద్దు గూకుతోంది. పైన కొండముచ్చులు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. చిరుతను చూస్తేనే అవి అలా అరుస్తాయని నాకూ తెలుసు. పిలిచాను, గొంతు గాలికే పోయింది. పొట్టేలు మెడలోని గంట విప్పి, వేలితో గడ్డి లాగేసి, ఇంకా సెగ చల్లారని ఆ బండల మీద చేతులూ మోకాళ్ళూ ఆన్చి పాకాను.

"మోగియ్యకు బిడ్డా, మంద పోతది," అన్నారు మామగారు కింది నుంచి.

"మనిషి పోతే మందనేం జేసుకుంటం మామా?" అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

చెయ్యి పడిపోయేదాకా మోగించాను. ఆ నల్ల బండ చుట్టూ దారి తెలియక తిరుగుతున్న మనిషి, మోత వచ్చిన దిక్కు పట్టుకుని, మోకాలు చీరుకుపోయి, దిగివచ్చారు. నా చేతిలోంచి గంట తీసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. గార్డులు రానేవచ్చారు, మందను అడవి బయటికి తోలించారు. ఆ ఏడు సగం గొర్రెలు మేత లేక పోయాయి. మామగారు మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

గొర్రెలు అమ్మేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ అడవికి మావాళ్ళు షోకుకు పోతారు, ఆకలికి కాదు, మంచిదే. అయినా మనవరాలు గుట్ట దిగానని ఫోన్ చేసేదాకా ఆ గంటను ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. మోగించలేదు. ఆ మోతకు దిగివచ్చే మనిషి ఇప్పుడు లేరు.