రెండు జలుబు మాత్రలూ, ఒక ఉపన్యాసమూ

ధర్మవరంలో ఎనభై మంది నేతగాళ్ల ముందు నా పరువు ఎలా పోయిందో చెబుతాను. పోగొట్టుకున్నది నేనే కాబట్టి వివరాలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు మొహమాటపడకుండా నవ్వండి, మా ఆవిడ ఆరేళ్లుగా నవ్వుతూనే ఉంది.

దీనంతటికీ మూలం నా షడ్డకుడు ఓబులపతి. అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. బత్తలపల్లె దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. నేనేమో అనంతపురంలో ఒక ఫార్మసీ కాలేజీలో లెక్చరర్ని. పైగా నా పీహెచ్‌డీ ప్రోస్టేటు గ్రంథిలోని కండరం మీద. ఎలుక నుంచి తీసిన బియ్యపుగింజంత ముక్కను గాజుపాత్రలో దారానికి వేలాడదీసి, అది ఎప్పుడు బిగుస్తుందా, ఎప్పుడు వదులవుతుందా అని ఐదేళ్లు కూర్చుని చూశాను. ఈ జిల్లాలో ఆ కండరం గురించి మాట్లాడే హక్కు నా ఒక్కడిదేనని నా నమ్మకం.

అలాంటిది, మగవాళ్ల మూత్రం ఇబ్బందుల మీద మాట్లాడమని నేతగాళ్ల సంఘంవాళ్లు ఓబులపతిని పిలిచారు! అతను మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, పడుగు దారాలు బిగించీ వదిలీ చూపిస్తూ అంతా చెప్పాడట. శాలువా కప్పారట. ఆ ఫొటో మా ఆవిడ ఫోన్లోకి వచ్చింది.

"మా మరిది ఎంత బాగా చెప్పినాడంట!"

"ఆ కండరం నాది," అన్నాను.

"మీదే, ఎవరు కాదన్నారు? పిలిచింది మాత్రం ఆయప్పను."

నాకు కడుపు మండిపోయింది. అది అసూయ అని అప్పుడు ఒప్పుకోలేదు, శాస్త్రం పట్ల ఆవేదన అన్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఆ ఇబ్బంది నాకే ఉంది. యాభై మూడేళ్లకే ఒక సినిమాకు మూడుసార్లు లేచేవాణ్ణి. ఓబులపతి మాత్రం చెంబెడు మజ్జిగ తాగి, పెళ్లిలో ముహూర్తం నుంచి భోజనాల దాకా కుర్చీ కదలడు. దానికీ నేను కుళ్లుకునేవాణ్ణి.

సంఘం పెద్ద నాగప్పకు ఫోన్ చేశాను. "పోయినసారి చెప్పింది పైపైన. లోపల అసలేం జరుగుతుందో నేను చెబుతాను."

"రాండి సార్, మేమేమన్నా వద్దంటామా?"

తీరా ఆ రోజుకు నాకు జలుబు. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఓబులపతిది మైకు అక్కర్లేని గొంతు, నాది చూస్తే ముక్కుతో పలుకుతోంది. ధర్మవరం బస్టాండు దగ్గర మందుల షాపులో జలుబు మాత్రలు తీసుకుని రెండు ఒకేసారి నోట్లో వేసుకున్నాను.

"సార్, ఒకటి చాలు," అన్నాడు షాపాయన.

"నేను ఫార్మసీ లెక్చరర్ని," అన్నాను.

అట్ట వెనక ఏం రాసుందో చూడలేదు. సభలో నా ఉపన్యాసం వినడానికొచ్చిన ఓబులపతి ఒక చెంబు మజ్జిగ తాగాడు కాబట్టి నేను రెండు తాగాను. తరవాత లేచి అందుకున్నాను. నరం చివర నుంచి నోరడ్రినలిన్ అనే కబురు వస్తుందనీ, కండర కణం మీద ఆల్ఫా గ్రాహకాలనే గుమ్మాలు దాన్ని అందుకుంటాయనీ, అప్పుడు లోపల దాచిపెట్టిన కాల్షియం బయటపడి కండరం బిగుస్తుందనీ, గ్రంథి మధ్యలోంచి పోయే మూత్రనాళం నొక్కుకుపోతుందనీ చెప్పాను. నైట్రిక్ ఆక్సైడు కబురు వస్తే వదులవుతుందన్నాను. కాల్షియం తగ్గినా పట్టు వదలనివ్వని ఎంజైము ఒకటుందని చెబుతున్నప్పుడు నా చూపు ఎందుకో ఓబులపతి మీదే ఉంది.

మధ్యలో ఒకసారి బయటికి వెళ్లొచ్చాను. చుక్క రాలేదు. సభాకంపం అనుకున్నాను. పొత్తికడుపు మాత్రం రాయిలా ఉంది.

నాగప్ప లేచాడు. "సారూ, ఈ పేర్లు మాకు నోరు తిరగవు. ఏ మాత్ర మింగకూడదో అది చెప్పు."

"మంచి ప్రశ్న! ముక్కుదిబ్బడ తగ్గించే జలుబు మాత్రలున్నాయి చూడండి, వాటిలో మందు కూడా ఆ ఆల్ఫా గుమ్మాన్నే తడుతుంది. ముక్కులో రక్తనాళాలు బిగిసి ముక్కు తెరుచుకుంటుంది. కింద ఈ కండరమూ బిగుస్తుంది. ప్రోస్టేటు పెరిగినవాళ్లకైతే మూత్రం పూర్తిగా ఆగి..."

అక్కడ నేనే ఆగాను. నా ముక్కులో ఊపిరి ఎంత హాయిగా ఆడుతోందో అప్పుడు గమనించాను.

"ఆగితే ఏం జేయల్ల సారూ?"

"ఆస్పత్రికి పోవాలప్పా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఓబులపతి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఏం మింగినావు?"

"రెండు," అన్నాను. ఇంకేం అడగలేదు మహానుభావుడు, నన్ను స్కూటర్ ఎక్కించాడు. ఆ దారిలో ఎన్ని స్పీడ్‌బ్రేకర్లున్నాయో ఈరోజుకీ తడుముకోకుండా చెప్పగలను.

ఆస్పత్రిలో గొట్టం వేశారు. ప్రాణం లేచొచ్చింది. కుర్ర డాక్టరు చీటీ రాస్తూ, "ఏం పని చేస్తారు?" అనడిగాడు.

"వ్యవసాయం," అన్నాను.

"కాదు డాక్టర్, దీంట్లోనే పీహెచ్‌డీ చేసినాడు మా అన్న," అన్నాడు ఓబులపతి గర్వంగా. చంపెయ్యాలనిపించింది.

ఇంతలో నాగప్ప శాలువాతో వచ్చాడు. "ఆయప్ప మగ్గం మీద చూపించినాడు. నువ్వు నీ ఒంటిమీదే చూపించినావు సారూ! అట్ల చెప్పేవాళ్లు యాడుండారు?" అని నాకు కప్పాడు.

నా కళ్లు చెమర్చాయి. శాలువా అంచు తడిమి చూసి, "ఓబులపతిదానికి జరీ ఇంతే ఉండిందా?" అనడిగాను.

ఫొటో తీశారు. మంచం మీద శాలువాతో నేను, పక్కన మూత్రం సంచి పట్టుకుని నవ్వుతూ ఓబులపతి. సాయంత్రం మా ఆవిడ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"మా మరిది ఎంత పద్ధతిగా పట్టుకున్నాడో చూడండి!" అంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద అట్ట వెనక చదవకుండా మాత్ర మింగను. జలుబు చేస్తే ఆవిరి పడతాను. ఓబులపతికి ఊరంతా కలిసి జరీ శాలువాలు కప్పినా, ముక్కు మూసుకుపోయిన గొంతుతోనే కుళ్లుకుంటాను.