సులోచన కోసం ధర్మవరం దాకా

హిందూపురంలో మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్లను చూసుకునే ఆశ్రమం ఒకటుంది. నేను అక్కడ సూపర్‌వైజరుగా చేరిన వారానికే సులోచన అనే ఆయా పని మానేసింది. అందరికంటే ఓర్పున్న మనిషని పేరు. ఫోను ఎత్తడం లేదు. ఆమె వెనకే మరో ఇద్దరు వెళ్లిపోతారని గుసగుసలు మొదలయ్యాయి. వాళ్లూ పోతే ఆ పెద్దవాళ్ల గతేమిటి? ధర్మవరంలో అక్క ఇంట్లో ఉందని తెలిసి, సులోచననే అడుగుదామని శనివారం పొద్దున్నే బయలుదేరాను. దారిలో పెనుకొండలోనూ ఇలాంటి ఇల్లు ఉంది. అక్కడ చేరినవాళ్లు ఏళ్ల తరబడి మానరని విన్నాను. అదీ చూడాలనుకున్నాను.

స్టేషను బయట ఉగ్గాని, బజ్జీ తిని, ఏడు దాటాక ప్యాసింజరు ఎక్కాను. చింతపండు మూటతో పక్కన కూర్చున్న పెద్దామె ఎందుకు పోతున్నానో కనుక్కుంది.

"మా అత్తకూ అదే జబ్బుమ్మా. నన్ను దొంగ అనేది. సొంతోళ్లకే ఓపిక పట్టదు, ఇంగ బయటోళ్లు యాడ నిలుస్తారు?" అంది.

పెనుకొండలో దిగి ఆటో ఎక్కాను. కోట చూడదలచినవాళ్లు పొద్దున్నే కొండెక్కడం మంచిది, తర్వాత బండలు కాలుతాయి. నేను వెతికే ఇల్లు కొండ కిందే దొరికింది.

లోపలికి అడుగుపెట్టేసరికి ఒక పెద్దాయన తలుపు బాదుతున్నాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరట. "టైమైపోయింది! జనం నిలబడుకోనుండారు! బండి తాళాలు యాడ?" అని కేకలు. ఆపబోయిన ఆయా మరియమ్మ చేతిమీద గట్టిగా కొట్టాడు. ఆమె వెనక్కి తగ్గి, గబగబా కుర్చీలు వరసగా వేసి, "అన్నా, జనమంతా ఎక్కినారు. రైట్ రైట్!" అని అరిచింది. వంటమనిషి వచ్చి ఓ కుర్చీలో కూర్చుంది. ఇంకో ఆయా ఒక అవ్వను నడిపించుకొచ్చింది. నేనూ కూర్చున్నాను. పెద్దాయన ముందు కుర్చీలో సర్దుకుని, లేని స్టీరింగు పట్టుకుని, మమ్మల్ని మడకశిరకు తీసుకుపోయాడు. మలుపుల్లో అందరం ఒకేవైపు ఒరిగాం. ఊరొచ్చిందని మరియమ్మ చెప్పగానే ఆయన ముఖం తేటపడింది. "పదిలంగా దిగండప్పా" అన్నాడు. అందరం ఒక్కొక్కరుగా దిగాం.

ఆ తర్వాత జరిగింది ఇంకా వింత. ఎవరూ చెప్పకుండానే రెండో ఆయా పెద్దాయన పక్కన చేరింది. వంటమనిషి మరియమ్మకు మజ్జిగ ఇచ్చి లోపలి గదిలోకి పంపింది. ఆమె తనంతట తాను లేచి వచ్చేదాకా ఒక్కరూ పిలవలేదు.

మధ్యాహ్నం సంగటి తింటూ మరియమ్మను అడిగాను, ఇంత కష్టానికి ఎలా నిలబడ్డారని.

"దెబ్బ మానిపోతాది మేడమ్. కొట్టిచ్చుకున్న్యాక 'నువ్వేం చేసినావు?' అంటారు సూడండి, అది మానదు. ఈడ ఆ మాట అనరు. అన్నం తిన్నావా అంటారు."

"ఎవరైనా చనిపోతే?"

"సాగనంపేకి మేమూ పోతాం. ఆ పొద్దు ఆ మంచంలో ఎవుర్నీ పండబెట్టరు."

బస్సులో ధర్మవరం చేరేసరికి మూడు దాటింది. వీధంతా మగ్గాల చప్పుడు. సులోచన తన అక్క ఇంట్లో పట్టుదారం చుడుతోంది. నన్ను చూసి లేచింది. ఎందుకు మానేశావని అడిగాను. తలవంచుకునే చెప్పింది.

"వెంకటమ్మవ్వ నన్ను కూతురనుకునేది. నా చేత్తో తప్ప తినేది కాదు. పోయినప్పుడు నేను డ్యూటీలోనే ఉండా. బండి వచ్చె, ఎత్తుకుపోయిరి. మధ్యాహ్నానికంతా ఆ మంచంలో ఇంకొకరు. ఏడ్సేకి కూడా పొద్దు ల్యాకపాయ. అవ్వను యాడ పెట్టినారో కూడా తెలీదు మేడమ్."

ఆఫీసుకు ఫోను చేసి అవ్వ కొడుకు నంబరు తీసుకున్నాను. ఆయన ఎత్తలేదు. ఊరు లేపాక్షి దగ్గరని మాత్రం తెలిసింది.

"పనికి వచ్చేది చెప్పలేను. అవ్వ దగ్గరికి మాత్రం వస్తా" అని సులోచన సంచిలో రెండు చీరలు పెట్టుకుంది.

సాయంత్రం రైల్లో పెనుకొండ సంగతులు చెప్పాను. మన దగ్గరా ఒక రోజు మంచం ఖాళీగా ఉంచేలా పైవాళ్లను ఒప్పిస్తానన్నాను. ఇంతలో అవ్వ కొడుకు తిరిగి ఫోను చేశాడు. స్పీకరు పెట్టి, అవ్వను పెట్టినచోటికి సులోచన రావాలంటోందని చెప్పాను.

"సులోచనా? మాయమ్మను కడదాకా చూసిన బిడ్డ కదా! మా తోటలోనే పెట్టినాం. ఎల్లుండే నెల మాసికం. తప్పక పిల్చుకోని రాండి. మొదటి విస్తరి ఆ బిడ్డకే."

సులోచన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఆ రైల్లో ఏడ్చింది. ఎదుటి సీటువాళ్లు మాటలాపి, ఆమె కాళ్లు చాపుకునేందుకు జరిగి చోటిచ్చారు. కన్నబిడ్డలనే మరచిన మనుషులకు పగలూ రాత్రీ బిడ్డలవుతున్న ఈ ఆడవాళ్లను తలుచుకుంటే, వీళ్లు మానేయడం కాదు, ఇన్నాళ్లు నిలబడటమే నాకు అద్భుతమనిపించింది.

హిందూపురంలో దిగాక సులోచన కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చింది.

"అవ్వ మాసికం అయినాక పనికి వస్తా మేడమ్" అంది. "పొద్దున డ్యూటీ వేయండి. స్నానాలకు మనిషి కావల్ల కదా."