కళ్ళు మూయని అక్క

మా సంఘంలో ఆమెను అందరూ ‘కళ్ళు మూయని అక్క’ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే మేమంతా కళ్ళు మూసుకుంటాం. ఆమె మాత్రం గుడ్లప్పగించి చూస్తుంటుంది. “దేవుడు పారిపోతాడని కాపలా కాస్తున్నావా?” అని ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటుంది. ఎవరింట మనిషి మంచాన పడ్డా పిలవకుండానే వెళ్ళి, ఒళ్ళు తుడిచి, తిండి పెట్టి వస్తుంది.

మా మామగారు తాపీమేస్త్రి. ఆయన కేకేస్తే పరంజా మీద పనివాళ్ళు వణికేవారు. పక్షవాతం వచ్చి కుడిపక్కా మాటా రెండూ పోయినా, కోపం మాత్రం చెక్కుచెదరలేదు. నిద్రపోతే మళ్ళీ లేవనని భయం కాబోలు, రాత్రిళ్ళు రెప్ప వేసేవారు కాదు. అక్క జావ పట్టిస్తే ఆమె మొహం మీదే ఊసేవారు.

“ఎందుకు పడతావక్కా? కోడల్ని, నాకే ఒళ్ళు మండిపోతోంది!” అనేదాన్ని.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, “ఊసే బలముందిగా, సంతోషించు” అనేది.

మింగుడు సరిగా లేదు, జావ ఊపిరితిత్తుల్లోకి జారితే మనిషి దక్కడని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే చెంచా ఎత్తిన ప్రతిసారీ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చూసేదాన్ని.

ఆ ఆదివారం పాస్టరుగారు సంఘస్థులతో వచ్చేసరికి, అక్క అప్పుడే ఒక చెంచా పట్టించింది. మామగారు పంతంకొద్దీ మింగకుండా బుగ్గన పెట్టుకున్నారు. “అయ్యగారూ, ఒక్క నిమిషం, నోట్లో...” అని అక్క అంటూనే ఉంది. ప్రార్థన మొదలైపోయింది. కళ్ళు మూసుకున్నాం.

“అందరూ ఆమెన్ చెప్పండి!” అన్నారు పాస్టరుగారు.

మంచం మీంచి “ఆ...” అని వినిపించింది. మామగారి గొంతే! మాట వచ్చేసిందనుకున్నాను. వెంటనే గురగురమని శబ్దం. “పెద్దాయన ఏడుస్తున్నాడు! స్తోత్రం!” అని ఎవరో అరిచారు. అందరూ గొంతు పెంచారు. నేనూ పెంచాను, బుద్ధిలేనిదాన్ని.

మంచం కిర్రుమంటే కళ్ళు తెరిచాను. మామగారి పెదాలు నీలంగా ఉన్నాయి. అక్క ఆయన్ని పక్కకి తిప్పి, నోట్లో వేళ్ళు పెట్టి లాగుతోంది. ఆయన పళ్ళు ఆ వేళ్ళ మీద బిగుసుకున్నాయి. నెత్తురు కారుతున్నా ఆమె చెయ్యి తీయలేదు. “ప్రభువా, ఈయన్ని వదలకు, ప్రభువా” అని గొణుగుతూనే వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. జావ ముద్ద బయటపడింది. ఆయన ఊపిరి లాగిన చప్పుడుకి ప్రార్థన ఆగిపోయింది.

“అరవొచ్చు కదమ్మా!” అన్నారు పాస్టరుగారు.

“అరిచానయ్యగారూ. స్తోత్రం అనుకున్నారు.”

ఆమె వేళ్ళకి గుడ్డ చుడుతూ ఏడ్చేశాను. “ఎందుకక్కా నువ్వు కళ్ళు మూయవు?” అన్నాను.

“మా ఆయన మంచంలో ఉన్నప్పుడు, కళ్ళు మూసుకుని బతికించమని అడుగుతున్నానమ్మా. ఆమెన్ అని తెరిచేసరికి ఆయన లేడు. ఎప్పుడు పోయాడో కూడా తెలీదు.”

పాస్టరుగారు, “నువ్వు ప్రార్థన చెయ్యమ్మా” అన్నారు.

“ముందు ఈయన మొహం కడగనీయండి” అంటూ ఆమె గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, మామగారి గడ్డం తుడిచింది. ఆయన ఊయలేదు. ఎడమచేత్తో ఆ కట్టు కట్టిన చెయ్యి పట్టుకున్నారు.

అక్క ఆయన గొంతుకేసి చూస్తూ ప్రార్థన మొదలుపెట్టింది. మామగారు కళ్ళు మూసుకున్నారు.