శిబిరంలో దాటిపోయిన గడువు

పోయిన వారం మధ్యాహ్నం నా దుకాణంలో కునుకు తీస్తుంటే హైదరాబాద్ నుంచి మా బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, నన్ను నౌకరి నుంచి తీసేసిండ్రు. ఇప్పుడే మెయిల్ అచ్చింది" అంది. చుట్టూ గిన్నెల చప్పుడు, మాటలు, భోజనాల దగ్గరున్నట్టుంది. అంటే అప్పటికే పదిమందికి చెప్పేసిందన్నమాట! ఏడుపు లేదు, గొంతు తగ్గించడం లేదు. "దీనిమీద కొట్లాడాలంటే గడువెంతుంటది? నీకెరుకే గద" అని అడిగింది. ఎరుకే మరి. అది ఎట్లా ఎరుకైందో తలుచుకుంటే ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి.

అప్పట్లో నేను సిరిసిల్లలో ఒక సహకార సంఘం నూలు గోదాములో గుమాస్తాను. ఇల్లు కోరుట్లలో, వారానికోసారి వచ్చేవాణ్ని. వానాకాలంలో తూచి దింపుకున్న నూలు చెమ్మ పట్టి ఉంటుంది, ఎండాకాలం తూస్తే తగ్గుతుంది. ఈ సంగతి సిరిసిల్లలో మగ్గాల చప్పుడు విని పెరిగిన ప్రతివాడికీ తెలుసు, మా కొత్త మేనేజరుగారికి తప్ప. ఆ తరుగంతా నా మెడకు చుట్టి, ఒక శ్రావణమాసపు పొద్దున డిస్మిస్ ఆర్డరు చేతిలో పెట్టారు. అందిన నాటి నుంచి రెండు నెలల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని అడుగున రాసి ఉంది. రెండు నెలలంటే బోలెడు కాలం అనిపించింది. నా బెంగంతా అప్పీలు గురించి కాదు, ఇంట్లో ఎట్లా చెప్పాలని. అల్లుడు నూలు మింగాడట అంటే అత్తగారింట్లో తలెత్తుకోగలనా? అప్పీలుకు వకీలు కావాలి, వకీలుకు సంగతంతా విప్పాలి, విప్పితే మా కోరుట్లంతా పాకుతుంది. సిరిసిల్ల గదిలోనే పడి ఉండి, శనివారాలు ఏమీ ఎరగనట్టు ఇంటికి పోతూ వచ్చాను.

అంతలో సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం ఆఫీసులు, బడులు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. పని పోయినవాడికీ పని మానినవాడికీ తేడా లేకుండా పోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచి వచ్చింది! "సమ్మెల ఉన్న" అని ఇంట్లో చెప్పి, షేర్ ఆటోలెక్కి జగిత్యాలలోని సమ్మె శిబిరానికి పోయి కూర్చునేవాణ్ని. సిరిసిల్లలో అందరికీ తెలుసు, కోరుట్లలో ఆరాలు తీస్తారు. జగిత్యాలలో నేనొక ఉద్యోగిని, అంతే. రిలే దీక్షలో నా వంతు వచ్చిన రోజు మా ఆవిడ బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. బతుకమ్మ రోజులవి. రోడ్డు నడుమ తంగేడు, గునుగు పూల బతుకమ్మలు పెట్టి ఆడవాళ్లు ఆడుతున్నారు, వాళ్లతో మా ఆవిడా కలిసింది. నా మెడలో బంతిపూల దండ. మైకు పట్టుకున్నాయన, "గీ అన్నను సూడుండ్రి! నౌకరి పోతే పోనీ, తెలంగాణ రావాలె అని అచ్చి కూసున్నడు!" అని అరిచాడు. అందరికన్నా గట్టిగా మా బిడ్డ చప్పట్లు కొట్టింది. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. భూమిలోకి కూరుకుపోయినా బాగుండేదనిపించింది. మర్నాడు పేపరు జిల్లా పేజీలో నా ఫోటో పడింది. మా ఆవిడ దాన్ని కత్తిరించి ఇంట్లో అద్దానికి అంటించింది.

వకీళ్లు కూడా కోర్టులు బహిష్కరించి పక్క గుడారంలోనే కూర్చునేవాళ్లు. అందులో ఒక వకీలు సాబ్‌కూ నాకూ దోస్తీ కుదిరింది. పాన్ నములుతూ, సగం ఉర్దూ సగం తెలుగుతో శిబిరమంతా నవ్వించేవాడు. వంటావార్పు రోజున నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతులు వేశాం. ఆ రోజుతో నా రెండు నెలలు ముగుస్తాయి. అది నాకు తెలుసు. వకీలు సాబ్ విస్తరి ముందు కూర్చున్నాడు, వడ్డిస్తున్నది నేను. ఒక్క మాట చెబితే చాలు, సాయంత్రంలోగా అప్పీలు రాసి పంపించేస్తాడు, పైసా తీసుకోడు. వంగి "సాబ్..." అన్నాను.

"క్యా భాయ్?" అని తలెత్తాడు.

"ఇంకింత పప్పుచారు పొయ్యాల్నా?"

పొయ్యమన్నాడు. పోశాను.

సమ్మె ఆగి అందరూ డ్యూటీలకు బయల్దేరారు. మా ఆవిడ అంగీ ఇస్త్రీ చేసిపెట్టింది. అది తొడుక్కుని నేను పోయింది వకీలు సాబ్ ఇంటికి. ఆర్డరు చదివి ఆయన తల పట్టుకున్నాడు. "అరే భాయ్, గిది గెలిచే కేసు! దినాం నా పక్కనే కూసుంటివి, గడువు దాటినంక తెస్తివా? ఆలస్యమెందుకైందో రాయాలె. ఏం రాయమంటవ్?"

"సిగ్గయింది సాబ్."

"సిగ్గని రాస్తే ఎవ్వడొప్పుకోడు" అని జ్వరమని రాశాడు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. జ్వరపు మనిషి జగిత్యాలలో దండ వేసుకుని కూర్చున్నాడని, పేపర్లో పడిన ఆ ఫోటోనే జతచేసి, అప్పీలు కొట్టేశారు.

ఆ రోజు ఇంట్లో చెప్పాను. తిట్టిపోస్తుందనుకున్నాను. ఉద్యోగం గురించి ఆమె ఒక్క మాట అనలేదు. అద్దం మీది ఫోటోను గోటితో గీకుతూ, "ఏం చెప్పకుంట నన్ను గంతమందిల బతుకమ్మ ఆడనిస్తివి గద" అంది. జిగురు మరక పూర్తిగా పోలేదు; రోజూ గడ్డం గీసుకునేది ఆ అద్దంలోనే.

"బాపూ, వింటున్నవా?" అంటోంది ఫోన్లో బిడ్డ.

"గడువెంతున్నా సరే బిడ్డా, ఇయ్యాలనే వకీలు దగ్గరికి పో" అన్నాను.

"పోతున్న, చెయ్యి కడుక్కొని సీదా గాడికే" అని పెట్టేసింది. రెండు నెలల గడువు చాలలేదని ఇన్నేళ్లూ నన్ను నేను సముదాయించుకున్నాను గానీ, కావలసింది గరిటెడు పప్పుచారు పోసేంత సేపే. ఆ సేపు నా చేతిలోనే ఉండింది.