తీయొద్దన్నాను, తీయడం నేర్పలేదు

సొంత ఇంటి ప్రహరీ గోడ మీద, లుంగీ గాజు పెంకులకు తగులుకుని, ఆదివారం పొద్దున్నే గబ్బిలంలా వేలాడిన పెద్దమనిషిని మీరెప్పుడైనా చూశారా? మా నాయుడుపేటలో మా వీధి వీధంతా చూసింది. ఆ పెద్దమనిషిని నేనే. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

నాలుగేళ్ల కిందటి మాట. పక్క వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడి గ్యాస్ బండ ఎత్తుకుపోయారని తెలిసింది. మా ఇంట్లోకి చీమ కూడా చెప్పకుండా రాకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పట్టుదలలో నాకు నేనే సాటి లెండి. వారం తిరిగేసరికి గోడ మీద గాజు పెంకులు, కిటికీలకు ఇనప జాలీలు, పెరటి తలుపుకు లోపల్నించి రెండు తాళాలు, పెరట్లోకి పోయే సందుకు గేటు, ఎవరైనా గోడెక్కితే సైరన్ కూసి మా ఫోన్లలో చూపించే కెమెరా గుమ్మం మీద వచ్చేశాయి. వీటన్నిటికీ పెద్దన్నలాగా, ముందు తలుపుకు కొత్తరకం తాళం. తలుపు మూస్తే చాలు, టక్కున దానంతటదే పడిపోతుంది.

తర్వాత మా అమ్మకు పాఠాలు మొదలుపెట్టాను.

"ఎవరు తలుపు కొట్టినా తీయొద్దమ్మా."

"పాలాయన వస్తే?"

"తీయొద్దు."

"నువ్వొస్తే?"

"నా దగ్గర తాళంచెవి ఉంటుంది. నా గొంతుతో పిలిచినా తీయొద్దు. ఇప్పటి దొంగలు గొంతులు మార్చి మాట్లాడతారంట."

అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "సరే నాయనా" అంది.

ఆ ఆదివారం మా ఆవిడ సుగుణ దొరవారిసత్రంలో పుట్టింటికి పోయింది. రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. నేను వెంకటాచలంలో స్నేహితుడి పెళ్లికి పోవాలని పట్టు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. బయట నీళ్ల క్యాన్ల ఆటో హారన్ మోగింది. బనీను, లుంగీతో పరుగెత్తాను. క్యాన్ దించుకుని వెనక్కి తిరిగేసరికి గాలికి తలుపు మూసుకుంది.

టక్!

"అమ్మా, తలుపు తియ్!"

"ఎవురది?"

"నేనే!"

"నేనంటే?"

"నీ కొడుకునమ్మా!"

"మా అబ్బాయి దగ్గర తాళంచెవి ఉండాదే."

"లోపలే మర్చిపోయినా!"

"దొంగలు అట్లనే అంటారని మా అబ్బాయి ముందే చెప్పినాడు. పో పో."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి యజమానిని మాత్రం ఇంటి తాళమే పట్టేసింది. నవ్వొచ్చింది కూడా. అంతలో కిటికీలోంచి ఏదో కమురు వాసన తగిలింది. ఇస్త్రీ పెట్టె! చొక్కా మీదే, పరుపు మీదే వదిలేసి వచ్చాను!

"అమ్మా! ఇస్త్రీ పెట్టె ఆపు! బయటికి వచ్చెయ్!"

జవాబు లేదు. కిటికీ జాలీ పట్టుకుని లాగాను. దగ్గరుండి బిగించుకున్నది కదా, వీసమెత్తు కదల్లేదు. సందు గేటుకు తాళం. ఇంక గోడెక్కి పెరట్లోకి దూకి, ఆ తలుపైనా బద్దలుకొట్టడమే దారి. ఎక్కాను. గాజు పెంకులు లుంగీని పట్టుకున్నాయి. కెమెరా నన్ను పట్టుకుంది. సైరన్ అందుకుంది.

పక్కింటి దేవసహాయం అన్న తెల్లబట్టలేసుకుని చర్చికి బయలుదేరుతున్నాడు. నన్ను చూసి నోరు తెరిచే లోపల ఆయన ఫోన్ మోగింది. సుగుణ! స్పీకర్ అక్కర్లేకుండానే వీధి చివరిదాకా వినిపించింది.

"అన్నా, మా గోడ మీద దొంగ! ఫోన్‌లో కనపడతా ఉండాడు!"

"దొంగ కాదుమ్మా, మీ ఆయనే."

"ఆయనకి స్టూలెక్కను చేతగాదు, గోడెక్కుతాడా! ముందు రెండు తగిలించన్నా!"

"అత్తా, నిజంగా నీ కొడుకే! తలుపు తియ్!" అని దేవసహాయం అన్న మా తలుపు దగ్గర అరిచాడు.

లోపల్నించి అమ్మ గొంతు వినిపించింది. "ఇస్త్రీ పెట్టె ఆపేసినా. పరుపు మీద నీళ్లు పోసినా. తలుపు మాత్రం తీయను. మా అబ్బాయి మాటంటే మాటే."

నా ప్రాణం లేచొచ్చింది. అన్న నన్ను గోడ మీంచి దించాడు. లుంగీలో సగం అక్కడే ఉండిపోయింది. జనం పోగయ్యారు. "ఎంత క్రమశిక్షణ ఆ పెద్దమ్మకి!" అని ఒకరు మెచ్చుకున్నారు కూడా.

సుగుణ ఆటోలో వచ్చి తలుపు తీసేసరికి అమ్మ గుమ్మం వెనకే నేల మీద కూర్చుని ఉంది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. నేను పక్కన కూలబడ్డాను.

"చెయ్యేందమ్మా ఇట్లయింది?"

అమ్మ బయట జనానికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఆ తాళం గుండీ తిప్పీ తిప్పీ. అటు తిప్పినా, ఇటు తిప్పినా, రాలా."

"మరి తీయనని ఎందుకన్నావు?"

"వీధంతా నిలబడుండాది. మా కొడుకు పెట్టిన తాళం తీసేది నాకు రాదని చెప్పుకోమంటావా? తీయొద్దు తీయొద్దని వారం రోజులు చెప్పినావే, ఎట్లా తీయాల్నో ఒక్కసారన్నా చెప్పినావా నాయనా?"

ఆ మంట ఇంకాస్త పెద్దదై ఉంటే? ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా చెమట పడుతుంది.

ఆ మధ్యాహ్నమే పెరటి తలుపు తాళాలు పీకి గడియ పెట్టాను. ముందు తలుపు తాళం తీయడం అమ్మకు నేర్పాను. ఆమె కళ్లు మూసుకుని పదిసార్లు తీసేదాకా వదల్లేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, దైవసాక్షిగా, దేవసహాయం అన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంట్లోవాళ్లకు తీయడం రాని తాళం ఏదీ ఈ జన్మలో నా గడప ఎక్కదు. దొంగకు కష్టమైతే కావచ్చు, మా అమ్మకు మాత్రం కాకూడదు.