పారిజాతానికి ఒడిబియ్యం

మెదక్ రాందాస్ చౌరస్తా పక్క గల్లీలో భూలక్ష్మి కుట్టుమిషన్ పొద్దున తొమ్మిదింటికి మొదలైతే రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆగదు. మధ్యలో సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర వరకు మాత్రం సాక్షాత్తూ కలెక్టరమ్మ వచ్చి అడిగినా ఆమె ఆ మిషన్ తొక్కదు. ఆ అరగంట పారిజాతానిది. అప్పుడు జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు చేతులు ఎత్తమంటే ఎత్తి, దించమనే దాకా అలాగే నిలబడాలి. ఒక కొత్త పెళ్లికూతురు యాడ్స్ వచ్చే వరకు రెండు చేతులూ గాల్లో పెట్టుకుని సీరియల్ చూసిందని గల్లీలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఎరగనివాళ్ల కోసం ఆ సీరియల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. పేరు ‘గడప దాటని పారిజాతం’. అత్తింటివాళ్లు బావిలో తోసేసిన కోడలు దయ్యమై తిరిగొచ్చి, ఆ ఇంటి గడప లోపలే ఉండిపోయి, తన పసిబిడ్డను కాపాడుకుంటూ ఉంటుంది. ఆరేళ్లు నడిచింది. పసిబిడ్డ పెరిగి రెండో తరగతికి వచ్చింది కానీ, అత్త పట్టుచీర మడత మాత్రం ఒక్కరోజూ నలగలేదు. పారిజాతం పళ్లు బయటపెట్టి భయపెట్టే రకం కాదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించే దయ్యం. అలాంటి మనిషి ఇంట్లో ఒకరుంటే బాగుండునని ఏ ఆడదానికి ఉండదు? అందుకే గల్లీలో సగం మంది ఏడయ్యేసరికి భూలక్ష్మి షాపులో చేరేవారు. ఎవరింట్లో వాళ్లకు టీవీ ఉంది. కానీ ఇంట్లో చూస్తే అత్తను తిట్టడానికి వీలుండదు కదా.

భూలక్ష్మికి యాభై దాటాయి. నోరు పెద్దది, చేతిపని అంతకన్నా పెద్దది. ఆమె కుట్టిన జాకెట్టు వేసుకుంటే ఎవరైనా రెండేళ్లు చిన్నగా కనిపిస్తారని పేరు. ఆమె కుట్టేవాటిలో సగం ఒడిబియ్యం జాకెట్లే. పెళ్లయిన ఆడపిల్లను తల్లిగారింటివాళ్లు పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఐదుగురు ముత్తైదువల చేత ఒడిలో పోయించి పంపే వేడుక అది. మొగుడున్న ఆడవాళ్లకే, మూడేళ్లకో ఐదేళ్లకో ఒకసారి చేస్తారు. భూలక్ష్మి భర్త గుండెనొప్పితో పోయి తొమ్మిదేళ్లయింది. కౌడిపల్లిలో ఉండే తమ్ముడు రఘుపతి మంచివాడే. ఇప్పటికీ బండి మీద మక్కకంకులు, చింతపండు తెచ్చిచ్చి, అక్క చేతి చాయ్ తాగి పోతాడు. ఒడిబియ్యం మాత్రం ఆగిపోయింది. అతని తప్పేమీ లేదు. పోయకూడదు, అంతే.

ఎవరు పెట్టారో తెలియని ఈ ‘అంతే’ మీద భూలక్ష్మికి పీకల దాకా కోపం. బియ్యానికి కరువై కాదు, రేషన్ షాపులోనే సన్నబియ్యం ఇస్తున్నారు. ‘రా, కూర్చో’ అని తన కోసం ఒకరు పీట వేస్తే చాలునని ఆమె ఆశ. వేడుకలకు అందరూ పిలుస్తారు, కడుపునిండా పెడతారు. పీటలు వేసే వేళకు ఆమే లేచి వంటల వైపు వెళ్లిపోతుంది. ఎవరూ పొమ్మనరు. అనేదాకా ఎందుకని తనే ముందుగా వెళ్లిపోవడం నేర్చుకుంది. ఆశ మాత్రం ఎక్కడికీ పోలేదు.

శుక్రవారం నాడు ప్రోమో వచ్చింది. రేపే చివరి ఎపిసోడ్. పారిజాతం గడప దాటి వెళ్లిపోతుంది. షాపులో అందరూ ‘అయ్యో’ అన్నారు. ముందుగా తేరుకున్నది ఆగమ్మ. డెబ్బై ఆరేళ్ల ఆగమ్మ మాటే ఆ గల్లీలో ఆచారాలకు చట్టం. ఏ వేడుకలో ఏది ముందో ఏది వెనకో ఆమెనడగందే ఎవరూ అడుగు వేయరు.

“ఏందే, గిట్లనే పోతదా ఆడపిల్ల? ఉత్త ఒడితోని?” అంది.

“ఆ పిల్లకు తల్లిగారు ఎవరున్నరు అవ్వా? అనాథ అని ఫస్ట్ ఎపిసోడ్‌లనే చెప్పిండ్రు గద,” అంది స్నేహలత. బ్యాంకులో క్యాషియర్, దేనికైనా లెక్క చెబుతుంది.

“ఆరేండ్ల సంది రోజు చూస్తున్నం. మనం గాదా తల్లిగారు? రేపు ఒడిబియ్యం పోసి పంపుదాం.”

“సచ్చినామెకు ఒడిబియ్యమా!” అంది చర్చి స్కూల్లో పాఠాలు చెప్పే మార్తమ్మ.

“మొగడు బతికే ఉన్నడు గద, రెండో పెండ్లి గూడ చేసుకున్నడు దొంగసచ్చినోడు. మొగడున్నన్ని రోజులు ఆమె ముత్తైదువనే,” అని ఆగమ్మ తీర్పు చెప్పేసింది.

భూలక్ష్మి కత్తెర పట్టుకుని వింటోంది. చచ్చిపోయిన మనిషికి ఉన్న అర్హత బతికున్న తనకు లేదన్నమాట. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, “రవికె గుడ్డ నేను పెడత,” అంది.

శనివారం ఆరున్నరకే అందరూ దిగారు. ఐదు సేర్ల బియ్యానికి పసుపు, నూనె పట్టించారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, తమలపాకులు వచ్చాయి. పై వాటాలో ఉండే తోడికోడళ్లిద్దరూ పట్టుచీరలు కట్టుకొచ్చారు. స్నేహలత కూతురు కృతిక, ఇంటర్ చదువుతోంది, ఫోన్లో జనం పెట్టే కామెంట్లు చదివి వినిపించే డ్యూటీ తీసుకుంది. ఆగమ్మ మొగుడు ఎల్లయ్య తాత బయట మెట్టు మీద కూర్చుని, పెళ్లాన్ని తీసుకుపోవడానికి వచ్చానని అందరికీ చెప్పాడు. అది ఆరేళ్లుగా చెబుతున్న మాటే, ఎవరూ నమ్మరు.

టీవీ ముందు పీట వేశారు. స్నేహలత బియ్యం దోసిట్లోకి తీసుకుని పీట మీద పోయబోయింది.

“ఆగు! ఒడిబియ్యం ఒడిలనే పొయ్యాలె. పీట మీద పోస్తె పిండం అయితది,” అని ఆగమ్మ అరిచింది.

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. అప్పుడు గానీ అసలు చిక్కు తెలియలేదు. పారిజాతానికి ఒడి ఎక్కడిది? షాపులో జాకెట్లు తొడిగే బొమ్మ ఉంది కదా అని పెద్ద తోడికోడలు దానికి చీర చుట్టింది. ఆ బొమ్మకు నడుము కిందంతా ఇనుప కడ్డీయే. కూర్చోబెట్టబోతే వెల్లకిలా పడి ఖర్జూరాల గిన్నె తన్నింది. ఎల్లయ్య తాత బయట పగలబడి నవ్వాడు.

“ఆమె బదులు ఎవరన్న ఒడి పట్టాలె,” అంది ఆగమ్మ.

అంతే, అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. చిన్న తోడికోడలికి నడుము నొప్పి. పెద్దామెకు పొయ్యి మీద పప్పు. స్నేహలతకు సోమవారం బ్యాంకులో ఆడిట్. దానికీ దీనికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు.

“టీచరమ్మా, దయ్యాలను నమ్మ అంటవు గద, నువ్వు కూసో,” అంది ఆగమ్మ.

“నమ్మకం లేదవ్వా, భయం ఉన్నది,” అంది మార్తమ్మ నిజాయితీగా.

ఏడుకు పది నిమిషాలుంది. భూలక్ష్మి టేపు మెడలోంచి తీసి మిషన్ మీద పెట్టింది.

“నేను కూసుంట,” అంది.

అందరికీ ఆమె మొగుడు పోయిన సంగతే గుర్తొచ్చింది. స్నేహలత మెల్లగా, “అక్కా, నువ్వు... అంటే...” అని ఆగి, ఆగమ్మ వైపు చూసింది. భూలక్ష్మి కూడా అటే చూసింది. ఇప్పుడు ఆ ముసలామె తల అడ్డంగా ఊపితే, మళ్లీ వంటల వైపు వెళ్లడానికి ఈ షాపులో వంటగది కూడా లేదు.

ఆగమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత కుంకుమ భరిణె అందుకుంది.

“పోసేది పారిజాతానికే గద? ఏం చూస్తున్నరే, టైమైతంది, తువ్వాల ఇయ్యుండ్రి,” అని, “పారిజాతం, ఇటు తిరుగు బిడ్డా,” అంది.

భూలక్ష్మి పీట మీద కూర్చుని, ఒడిలో తువ్వాల పరుచుకుని అటు తిరిగింది. కాళ్లకు పసుపు పూశారు. నుదుట బొట్టు చల్లగా తగిలింది. ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు దోసిళ్లతో పోశారు. మార్తమ్మ కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన కూడా చేసింది. పారిజాతానికి పోస్తున్నామన్న సంగతి స్నేహలత మధ్యలోనే మరిచిపోయినట్టుంది, “సల్లగుండు అక్కా,” అంది. ఒడిలో బియ్యం బరువు పెరుగుతుంటే భూలక్ష్మి రెండు చేతులూ ఒడి కిందికి చేర్చింది.

సరిగ్గా అప్పుడే సీరియల్ మొదలైంది. పక్క గల్లీలో కేబుల్, ఇక్కడ డిష్. అక్కడి వాళ్లకు నాలుగు సెకన్లు ముందొస్తుంది. కాబట్టి ఏడవాల్సినప్పుడల్లా ముందుగా అక్కడినుంచి ఏడుపు వినబడింది, ఆ వెనక ఇక్కడివాళ్లు అందుకున్నారు. పారిజాతం కూతురి తల నిమిరింది. గడప దాటింది. వెలుతురైపోయింది. పెద్ద తోడికోడలు పప్పు సంగతి మరిచి వెక్కివెక్కి ఏడ్చింది. బయట ఎల్లయ్య తాత కళ్లలో దుమ్ము పడిందని గట్టిగా ప్రకటించాడు.

తీరా చూస్తే అత్తకు జైలు లేదు, చావు లేదు. పశ్చాత్తాపపడి తులసికోటకు దండం పెట్టింది, శుభం కార్డు పడింది. అప్పుడు మొదలైంది అసలు గోల.

“ఇంతేనా? దండం పెడితె సరిపోతదా? ఆరేండ్లు పరేషాన్ చేసి సప్పగ ముగించిండ్రు!” అని స్నేహలత లేచి నిలబడింది.

“నూట నలభై మంది అదే రాసిండ్రు మమ్మీ. ఒకామె అయితే అత్తకు వేరే సీరియల్ పెట్టి అండ్ల జైల్లో వెయ్యాలంటుంది,” అని కృతిక చదివింది.

తిట్లు అలిసిపోయాక అందరి చూపూ భూలక్ష్మి ఒడి మీదికి వచ్చింది. ఆమె ఇంకా పీట మీదే కూర్చుని ఉంది.

“ఈ బియ్యం ఏం చేద్దాం అవ్వా? ఆమె పోయింది గద. గుడిల ఇద్దామా?” అని స్నేహలత అడిగింది.

భూలక్ష్మి తువ్వాల అంచులు గట్టిగా పట్టుకుంది.

“గుడికెందుకు? ఒడి ఎవరిదో బియ్యం వాళ్లయి,” అంది ఆగమ్మ. తర్వాత గొంతు తగ్గించి, “భూలక్ష్మీ, రేపు వండుకొని తిను బిడ్డా. అందర్ని పిలువు, మేమూ ఒస్తం,” అంది.

అందరూ చీరలు సర్దుకుంటూ లేచారు. ఆగమ్మ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“ఒక్కసారి పోసి ఊకుంటె తల్లిగారెట్లయితరే? మల్ల మూడేండ్లకు పొయ్యాలె. యాదుంచుకోండ్రి.”

“మూడేండ్లకు ఏ సీరియల్ అయిపోతదో ఏమో అవ్వా,” అంది స్నేహలత.

“సీరియల్‌తోని ఏం పనే? బిడ్డ ఈడనే ఉన్నది గద,” అంది ఆగమ్మ, మెట్టు దిగుతూ.

కళ్లు తుడుచుకుందామంటే భూలక్ష్మి రెండు చేతులూ ఒడినే పట్టుకుని ఉన్నాయి. తుడుచుకోకుండానే నవ్వి, “రేపు పన్నెండింటికి రండ్రి, లేటు చేస్తె ఊకోను,” అని వెనకనుంచి కేకేసింది.