డ్రైవరు ఫోన్ విన్న మాట

ఈ రోజు మార్కాపురంలో ఒంగోలు వెళ్లే షేర్ కారెక్కాను. డ్రైవరు తన కొత్త ఫోన్‌ను స్టీరింగ్ పక్కన బిగించుకుని, దాని గొప్పలే చెబుతున్నాడు. నా పక్కన కూర్చున్న పెద్దామె ఒంగోలు ఆసుపత్రిలో ఉన్న భర్త దగ్గరికి పోతోంది. "ఇంక ఇంటికి తీసకపొమ్మన్నారు డాక్టర్లు" అని నాతో చెప్పి ఏడ్చింది.

పొదిలి దాటాక ఫోన్లో పాట ఆగి ప్రకటన మొదలైంది. శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సులు అద్దెకిస్తారట, ఇంటికే తెస్తారట, ఫోన్ నంబరు కూడా చెప్పారు.

డ్రైవరు మురిసిపోయాడు. "చూసినావా పెద్దమ్మా, మన మాటలు ఎట్ల వినిందో!"

"మా ఆయన ఇంకా బతికే ఉండాడు నాయనా."

"ఉండనీలే. ఈ ఎండల్లో అప్పటికప్పుడు యాడ దొరుకుతాది? నంబరు పెట్టుకో."

ఆమె చాలాసేపు కిటికీలోంచి చూసింది. ఆ తర్వాత తన చిన్న ఫోన్ నా చేతికిచ్చింది.

"నాకు ఎక్కించడం రాదమ్మా. నువ్వే ఎక్కియ్యి."

ఏ పేరుతో పెట్టాలని అడిగాను.

"బాక్సు అని మాత్రం పెట్టాకు. ఆయనకు చదువొచ్చు."

ఏదో పేరు పెట్టాను. మీరైతే ఏం పెట్టేవారు?